ఆరే గోడకో గడి

ఇరవై రెండేళ్లుగా కట్టడాలు కట్టిస్తున్న ఆమెను పనివాళ్లంతా పెద్దక్క అంటారు. కంటికి కనబడని పని జరగదని ఆమె గట్టి నమ్మకం. ఇప్పుడు కడుతున్న కొత్త బడికి ఇంజినీరు కంప్యూటర్లో రంగురంగుల గీతలతో పనుల పట్టిక వేసి పంపేవాడు. పనివాళ్లకది చెవిటివాడి ముందు శంఖమే. అందుకని పాత బడి నుంచి ఊడదీసిన తలుపొకటి మంచినీళ్ల డ్రమ్ము పక్కన నిలబెట్టి, సుద్దతో మూడు గళ్లు గీసింది: చేయాల్సినవి, జరుగుతున్నవి, అయిపోయినవి. ఒక్కో పనికి ఒక్కో చీటీ, పని సాగేకొద్దీ గడి మారుతుంది: మేస్త్రీవి పసుపు చీటీలు, పెయింటరువి ఆకుపచ్చవి. దాహమేసినవాడు తలుపు చూడక తప్పదు.

సెలవులయ్యేలోగా బడి తెరవాలి. రెండేళ్లుగా రేకుల షెడ్డులో ఉడికిపోతున్న పిల్లలకు ఆ మాట ఇచ్చింది తనే.

ఇంకా మూడు వారాలుందనగా పెద్ద గది గోడ మీద రంగు పొక్కులు లేచింది.

"అయిపోయిందని చీటీ జరిపాడు కదక్కా, అందుకే వేశా," అన్నాడు పెయింటరు.

"నా పని అయింది కాబట్టే జరిపా. తడి గోడకి రంగెయ్యమన్నానా?" అన్నాడు మేస్త్రీ.

"తిలా పాపం తలా పిడికెడు," అంది పెద్దక్క. "పెద్ద పిడికెడు నాదే. గోడ ఆరడానికి తలుపు మీద చోటే పెట్టలేదు నేను."

అప్పటికప్పుడు ‘ఆరుతోంది’ అని నాలుగో గడి గీసింది. ఇకమీదట ఎవరి చీటీ వాళ్లు ‘అయిపోయినవి’లోకి జరపకూడదు. తర్వాత ఆ గోడతో పని ఉన్నవాళ్లే తడిమి చూసి జరపాలి.

మేస్త్రీ మూతి ముడుచుకున్నాడు. "నా పనికి వీడి సర్టిఫికెట్టా?"

"వీడి పనికి కూడా ఇంకొకరిస్తారులే తమ్ముడూ."

పొక్కులు గీకారు, గోడను ఆరనిచ్చారు. మేస్త్రీ రోజూ పెయింటరును చెయ్యి పట్టి లాక్కొచ్చి గోడ తడిమించేవాడు. ఇంట్లో భర్త కూర వండడం అయిపోయిందంటే, "ఆ మాట తినేవాళ్లు చెప్పాలి," అనేది పెద్దక్క. ఆయన నవ్వి గరిటె ఆమె చేతికిచ్చేవాడు.

బడి తెరిచే రోజు పొద్దున ఒక్క ఆకుపచ్చ చీటీ ‘ఆరుతోంది’లోనే ఉండిపోయింది. పెయింటరు తర్వాత ఆ గోడతో పనున్న పనివాడు లేడు. పెద్దక్క ఆలోచించి హెడ్‌మాస్టరమ్మను పిలిచింది. ఆవిడ గోడను అరచేత్తో నిదానంగా తడిమి, చెయ్యి తిప్పి చూసుకుంది. ఏమీ అంటలేదు. తలుపు దగ్గరికి నడిచి తనే చీటీ జరిపింది.

"అయిపోయిందమ్మా," అంది.

ఎన్నో కట్టడాల తాళాలు అప్పగించింది గానీ, ఆ మాట తాళాలు తీసుకునేవాళ్ల నోట వినడం పెద్దక్కకు ఇదే మొదలు. చెప్పలేనంత సంతోషమేసింది. దాహం లేకపోయినా డ్రమ్ము దగ్గరికెళ్లి, తలుపు చూస్తూ గ్లాసెడు నీళ్లు తాగింది.