పిండి మిషను మీద నేను చెప్పిన సాక్ష్యం

ఇన్నేళ్లూ ఈ మాటను గొంతులోనే పెట్టుకుని తిరిగాను. మా ఆయనకు చెప్పలేదు. చర్చిలో మోకరించినప్పుడు కూడా ఈ ఒక్కటీ పక్కకు పెట్టి, మిగతా తప్పులే చెప్పుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

మాది వేలూరులోని తొరపాడి. పక్కింట్లో రాజమ్మక్క పిండి మిషను నడిపేది. మిరపకాయలు ఆడిన రోజు వీధంతా తుమ్ములే. ఆ ఇబ్బంది నిజం. ఒక ఏడు, లైసెన్సు రెన్యువల్‌కు వచ్చిందని తెలిసి, వీధిలోవాళ్లు కార్పొరేషన్ ఆఫీసుకు వెళ్లి అడిగారు. గుమాస్తా దారి చెప్పాడు. గడువు తీరకముందే అభ్యంతరం రాసివ్వాలి, చుట్టుపక్కల ఇళ్లవాళ్లు సంతకాలు పెట్టాలి, ఎవరికి ఏ హాని జరిగిందో విచారణకు వచ్చి చెప్పాలి. ఉత్త దుమ్మంటే, అది పైకి పోయేలా గొట్టం పెట్టించమని చెప్పి వదిలేస్తారట. జబ్బు చేసిందంటే వేరే సంగతి.

అందరూ నా వైపు చూశారు. మా అత్తకు ఉబ్బసం.

నేను చెప్తానన్నాను. ఎందుకు? వీధి మేలు కోసమా? కాదు. అంతకు కొన్ని నెలల ముందు రాజమ్మక్క నన్ను గేటు దగ్గర ఆపి, ముసలామెను ఈ చలిలో వరండాలో ఎందుకు పడుకోబెడుతున్నావని అడిగింది. మెల్లగానే అడిగింది, ఎవరూ వినకుండా. అయినా నాకు ఒళ్లు మండింది. నిజం కాబట్టే మండిందని ఒప్పుకోవడానికి ఇంతకాలం పట్టింది.

విచారణలో అధికారి ముందు నిలబడి, మిషను వచ్చాకే మా అత్తకు ఉబ్బసం పట్టుకుందని చెప్పాను. నేను కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టేనాటికే ఆమెకు ఆ జబ్బుంది. మిషను ఆ తర్వాత ఎప్పుడో వచ్చింది. రాజమ్మక్కకు అది తెలుసు. వరండా సంగతి ఆమె అక్కడ ఎత్తి ఉంటే నేను తలెత్తుకోలేకపోయేదాన్ని. ఎత్తలేదు. గొట్టం పెట్టిస్తానని మాత్రం అధికారిని బతిమాలింది. లైసెన్సు రాలేదు.

ఆ సాయంత్రం అత్త నన్ను పిలిచింది.

"మిషను రాకముందే నాకీ ఆయాసం ఉండాది గదమ్మా. ఎందుకట్ల చెప్పినావు?"

"నీకోసమే చెప్పినా అత్తా."

"నాకోసమైతే లోపల పడుకోమని చెప్పుండొచ్చు గదా."

ఆ పూటే ఆమె పక్క లోపలికి మార్చాను. మరుసటి చలికాలం ఆమె చూడలేదు.

రాజమ్మక్క మిషను అమ్ముకుని గుడియాత్తంలో తమ్ముడింటికి వెళ్లిపోయింది. అగ్గిపెట్టెల కంపెనీలో పనికి పోతోందని విన్నాను. మొన్న బస్సెక్కి వెళ్లాను. గడప బయటే నిలబడి అంతా చెప్పాను, వరండాతో సహా. అదంతా తనకు తెలుసంది, నువ్వే వచ్చి చెప్తావని మాత్రం అనుకోలేదంది. కూర్చోమనలేదు. పనికి టైమైందని తలుపు దగ్గరికి వేసింది.

క్షమించమని నేను అడగలేదు. అడిగి ఉంటే, ఆ బరువు కూడా ఆమె మీదే పెట్టినట్టయ్యేది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఏడుపు వస్తుందనుకున్నాను. ఆకలేసింది. ఇంటికొచ్చి కడుపునిండా తిని, మా ఆయన్ను కూర్చోబెట్టి ఆయనకూ చెప్పాను. ఇప్పుడు మీకు చెప్పాను. ఆమె మిషను ఆమెకు తిరిగి రాదు. అయినా నాకు తేలిగ్గా ఉంది. అదీ దాచడం ఎందుకు.