నా కథకు సివిల్స్ ముగింపు

ఈ రోజు ఢిల్లీ బేర్ సరాయ్ మెస్‌లో రాజ్మా చల్లారేలోపే నా కథ చచ్చిపోయింది.

భర్త వదిలేసి వెళ్ళినా రోజూ ఇద్దరికి వండే ఘాజియాబాద్ ఆవిడ గురించి రాయాలని నా ఆలోచన. దాన్ని కథగా ఎలా నడపాలో తోచక, ఏళ్ళుగా సివిల్స్ రాస్తున్న రూమ్మేట్ సుబ్బారావుని అడిగాను.

"దాందేవుందిరా! ముందు చారిత్రక నేపథ్యం, తర్వాత కారణాలు, సామాజిక ప్రభావం. చివర్లో ప్రభుత్వం కమిటీ వేసిందని ముగించెయ్," అన్నాడు.

"మరి భర్త తిరిగొస్తాడా?"

"వస్తాడనీ రాయకు, రాడనీ రాయకు. ఒకవైపు మొగ్గితే మార్కులు పోతాయి."

ఒళ్ళు మండి రూముకొచ్చి, పోటీల్లో బహుమతి కొట్టిన కథలు తిరగేశాను. సగానికి సగం అచ్చం వాడు చెప్పినట్టే ఉన్నాయి.

ఇంతకీ మీరే చెప్పండి, ఆవిడ గుమ్మంలోకి ఎవర్ని పంపమంటారు, భర్తనా, కమిటీనా?