పెద్ద మేడమ్ గారి కారు, ఎడమ సీటు

మా పెద్ద మేడమ్ గారు పోయిన నెలలో కన్నుమూశారు. ఆదివారం ఉదయం చర్చికి బయలుదేరబోతూ అరుగు మీద కూర్చున్నారట, మళ్ళీ లేవలేదట. ఆ కబురు ఫోనులో వచ్చేసరికి నేను వర్క్‌షాపులో ఉన్నాను, చేతుల నిండా గ్రీజు. ఆమె గురించి కొన్నాళ్ళు ఆగి, మనసు కుదుటపడ్డాక, పద్ధతిగా రాద్దామనుకున్నాను. అలా ఆగడానికి వీల్లేకపోయింది. ఆమె కారును వచ్చే నెలలో ఆమె తమ్ముడు గారు మా స్కూలు కరస్పాండెంటు గారికి ఇచ్చేసేలా ఉన్నారు. దాన్ని ఆపడానికే ఇప్పుడు రాస్తున్నాను. ఇందులో దుఃఖం కన్నా కోపం ఎక్కువగా కనిపిస్తే, అది పొరపాటున వచ్చింది కాదు.

రాజోలు దగ్గర మా బాలికల హైస్కూలుకు ఆమె చాలా ఏళ్ళు హెడ్‌మిస్ట్రెస్. ఈ పత్రిక చదివే పాత విద్యార్థినుల్లో ఆ కారును ఎరగనివాళ్ళు ఉండరు. రెండే సీట్లున్న, టాపు లేని, ఆకుపచ్చ రంగు బ్రిటిష్ కారు. నేలకు ఎంత దగ్గరగా ఉండేదంటే, అందులో కూర్చున్న మనిషి చెయ్యి చాపితే రోడ్డు తగులుతుంది. మేడమ్ గారి నాన్నగారు నీలగిరుల్లో టీ తోటలో పనిచేసేటప్పుడు, స్వదేశం వెళ్ళిపోతున్న తోట మేనేజరు దగ్గర కొన్నారు. ఆ కొండల చలిలో ఆ కారుకు హీటరు అవసరమే. కోనసీమలో దానికేం పని? ఊరంతా అదే అనేది. దాని పని ఏమిటో మేడమ్ గారికి తెలుసు, నాకు తెలుసు. ఇప్పుడు మీ అందరికీ తెలియాలి.

ఆ హీటరు చాలా సులువైన వస్తువు. ఇంజనులో మరిగిన నీళ్ళు ఒక గొట్టంలోంచి డ్యాష్‌బోర్డు వెనక ఉన్న రేకు పెట్టెలోకి వస్తాయి. ఆ పెట్టెకు కాళ్ళ దగ్గర రెండు చిన్న తలుపులు, కుడివైపు డ్రైవరుకు ఒకటి, ఎడమవైపు పక్కన కూర్చున్నవారికి ఒకటి. ఏ తలుపు తీస్తే ఆ కాళ్ళకు వేడి. అయితే నీళ్ళు రావాలా వద్దా అనేది సీటులో కూర్చుని తేల్చలేం. దానికి బోనెట్ ఎత్తి, ఇంజను మీదున్న ఇత్తడి కుళాయి చేత్తో తిప్పాలి. చలి దేశంలో చలికాలం మొదట్లో ఒకసారి తెరిచి, ఎండలు రాగానే కట్టేస్తారు. కుళాయి కట్టేసినా ఇంజను సెగ కొంత కాళ్ళ దగ్గరకు వస్తుంది. అందుకని మేడమ్ గారు ఇంజనుకూ సీట్లకూ మధ్యనున్న రేకు వెనక కొబ్బరిపీచు దట్టంగా కూరి, కాళ్ళ కింద పీచు చాప పరిచారు. ఆ చాప నేసింది మా అమ్మ.

మా అమ్మ మామిడికుదురు దగ్గర పీచు యార్డులో పనిచేసేది. నేను కూడా సెలవుల్లో వెళ్ళి, నానిన కొబ్బరి డొక్కలు కొట్టి పీచు తీసేదాన్ని. మా ఇంట్లో సంతకం పెట్టడం వచ్చిన మొదటి మనిషిని నేనే. తొమ్మిదో తరగతిలో క్లాసు ఫస్టు వచ్చాను. స్కూలు వార్షికోత్సవానికి వచ్చే ముఖ్య అతిథికి ఫస్టు వచ్చిన పిల్ల దండ వెయ్యడం మా స్కూలు ఆనవాయితీ. ఉతికిన ఓణీ వేసుకుని, దండ పట్టుకుని స్టేజీ పక్కన నిలబడ్డాను. కరస్పాండెంటు గారు వచ్చి నా చేతులు చూశారు. పీచు నీళ్ళలో నానీ నానీ అవి నల్లగా, పగుళ్ళతో ఉండేవి.

"ఈ చేతులతో దండేంటండీ? వాసనొత్తన్నాయి. మా తమ్ముడి కూతుర్ని పిలవండి," అన్నారు.

నా చేతుల్లోంచి దండ తీసుకున్నారు. అందరూ చూశారు. మా అమ్మ కూడా చూసింది, ఆడవాళ్ళ వరసలో చివర నిలబడి. మేడమ్ గారు ఆ క్షణంలో ఏమీ అనలేదు. అతిథి ఎదురుగా ఉన్నారు. ఆమె ఏమీ అనకపోవడం నన్ను దండ కన్నా ఎక్కువ బాధపెట్టింది. ఆ బాధ ఎక్కువ రోజులు ఉండలేదు.

తర్వాతి వారం కరస్పాండెంటు గారు స్కూలుకు వచ్చి, "అమలాపురం వెళ్తున్నారటగా మేడమ్ గారూ, నేనూ వస్తానండి," అన్నారు. ఆయనకు సొంత కారుంది. కానీ ఆ కారులో పోతే ఎవరూ తిరిగి చూడరు. మేడమ్ గారి కారులో పోతే గడియారస్తంభం దగ్గర మనుషులు ఆగి చూస్తారు.

"ఆయ్, దానికేం భాగ్యమండీ. కాఫీ తాగుతూ ఉండండి, బండి సిద్ధం చేస్తాను," అని మేడమ్ గారు నన్ను క్లాసులోంచి పిలిపించారు. షెడ్డులో బోనెట్ ఎత్తి ఉంది.

"ఇదేంటమ్మా?"

"కుళాయండీ."

"దేనికో తెలుసా? చలి దేశంలో కాళ్ళు వెచ్చగా ఉండటానికి. మనకి చలుందా?"

"లేదండీ."

"మరి ఇది ఎవరికి కావాలంటావు?"

ఆమె ఆఫీసు గది కేసి చూశారు. లోపల కరస్పాండెంటు గారు కాఫీ చల్లార్చుకుంటున్నారు.

"తిప్పు," అన్నారు మేడమ్ గారు. "ఆ చేతులతోనే తిప్పు. ఇంకాస్త. ఆయ్, చాలు."

తర్వాత ఎడమవైపు చిన్న తలుపు తెరిచి, కుడివైపుది మూసేశారు. ఎడమ సీటు ముందు పరిచిన, మా అమ్మ నేసిన చాప తీసి, దులిపి, నా చేతికిచ్చారు. "ఇది ఆయనకి వాసనొస్తుంది కదా," అన్నారు.

ఆ రోజు సాయంత్రం వాళ్ళు తిరిగి వచ్చేసరికి నేను గేటు దగ్గరే ఉన్నాను. కావాలనే ఉన్నాను. కరస్పాండెంటు గారు కారు దిగి, నిప్పుల మీద నడిచినట్టు నడిచి, బోరింగు దగ్గరకు పోయి, బూట్లు విప్పి, కాళ్ళు నీళ్ళ కింద పెట్టారు.

"ఏం బండండీ బాబూ! పైన గోదారి గాలి, కింద కుంపటి!"

"పాత బండి కదండీ. ట్రాఫిక్కులో ఇంజను కాగిపోతే ఆ వేడి ఎటో అటు పంపాలి. లేకపోతే దారిలో ఆగిపోతుంది," అన్నారు మేడమ్ గారు.

ఇది అబద్ధం కాదు. నేను ఆటోమొబైల్ చదివి, ఇప్పుడు పాలిటెక్నిక్‌లో అదే పాఠం చెబుతున్నాను. ఇంజను మరీ కాగితే హీటరు తెరవడం ఆ పాత కార్లవాళ్ళందరూ చేసే పనే. మేడమ్ గారు ఎప్పుడూ అబద్ధం ఆడలేదు. కాకపోతే ఆ ఇంజను మనిషిని చూసి కాగేది.

ఆయన మళ్ళీ ఎక్కారు. అదీ విచిత్రం. ఎన్నిసార్లయినా ఎక్కారు. టాపు లేని కారులో తల బయటికి కనిపిస్తుంది, కాళ్ళు లోపల ఇరుకు గూట్లో ఉంటాయి. తల మీదకు నమస్కారాలు వస్తుంటే ఆయన కాళ్ళను వదిలేశారు. మధ్యలో దిగిపోవచ్చు. దిగితే ఎవరు చూస్తారు?

ఒకసారి నేను ఉండబట్టలేక అడిగాను, "మేడమ్ గారూ, క్షమించాలని చర్చిలో చెబుతారు కదండీ?"

"క్షమిస్తానమ్మా. ఎందుకు క్షమించను? తొందరేముంది?" అన్నారు.

ఆమె అలాంటి మనిషి. గొంతు ఎత్తేవారు కాదు. ఎవరి మీదా చాడీ చెప్పేవారు కాదు. చర్చి నుంచి వస్తూ దారిలో ఎవరు కనిపించినా ఎక్కించుకునేవారు. వాన పడితే వెనక మడిచి ఉంచిన గుడ్డ కప్పి, పక్క తెరలు బిగించి, అయినా మోకాళ్ళ మీద కారే నీళ్ళకు అడ్డంగా తువ్వాలు ఇచ్చేవారు. నన్ను అమలాపురం ఎంట్రన్సు పరీక్షకు ఆ కారులోనే తీసుకెళ్ళారు. మండుటెండ. నా కాళ్ళ కింద అమ్మ చాప ఉంది. కాలవ గాలి మొహానికి కొడుతోంది. పాదాలు ఎంత చల్లగా ఉన్నాయంటే, చెప్పులు విప్పేసి కూర్చున్నాను. "చదివిందంతా మర్చిపోయినా ఫరవాలేదు, ఎవరు ఎలా చూశారో మాత్రం మర్చిపోకు. అది కూడా చదువే," అన్నారు దారిలో. నేను మర్చిపోలేదు.

ఆమె చివరి రోజుల్లో చూడ్డానికి వెళితే, "ఈ బండి మీ వర్క్‌షాపుకి తీసుకుపో. ఆడపిల్లలు విప్పి, బిగించి నేర్చుకుంటారు," అన్నారు. సరేనండీ అన్నాను. కాగితం మీద పెట్టమని అడగడానికి నోరు రాలేదు.

ఈ నెల మొదటి వారంలో చర్చి హాల్లో ఆమె జ్ఞాపకార్థం ఆదరణ కూడిక జరిగింది. రాజమండ్రి నుంచి ఆమె తమ్ముడు గారు వచ్చారు. ఆమెకు మిగిలిన బంధువు ఆయన ఒక్కరే, కారు ఇప్పుడు ఆయనదే. కరస్పాండెంటు గారు మైకు అందుకున్నారు.

"ఆ కారులో నేనెక్కినన్ని సార్లు ఇంకెవరూ ఎక్కలేదండి. మేడమ్ గారికి నేనంటే అంత గౌరవం. అందుకే అడుగుతున్నాను, ఆ బండి నాకు అప్పగించండి. ఆ హీటరూ గీటరూ పీకించేసి, ఏసీ పెట్టిస్తాను. మా ఇంట్లో పెళ్ళిళ్ళకి ఊరేగింపులో తిప్పుతుంటే మేడమ్ గారి పేరు నిలబడుతుంది. అబ్బా, ఏం వేడండీ అది! పాదాలు బొబ్బలెక్కేవి. అయినా ఆవిడ మీద అభిమానం కొద్దీ భరించేను."

నా పక్కన కూర్చున్న లెక్కల టీచరు గారు నా వైపు తిరిగారు. "వేడేంటమ్మా? సర్వీసంతా ఆ బండిలో తిరిగేను. నాకెప్పుడూ తగల్లేదే?"

వెనక వరసలోంచి మా స్కూలు ఆయమ్మ అందుకుంది. "నాకూ తగల్లేదండీ. జొరమొచ్చినప్పుడు ఎండలో ఆసుపత్రికి తీసుకెళ్ళేరు. సల్లగా ఉండి నిద్దరట్టేసింది."

స్కూలుకు యూనిఫారం గుడ్డ సరఫరా చేసిన ఆయన లేచి నిలబడ్డారు. కరస్పాండెంటు గారిని బలపరుద్దామని కాబోలు. "లేదండీ, వేడే! నాకు బాగా తెలుసు. రెండుసార్లు ఎక్కేను, రెండుసార్లూ కాళ్ళు కాలిపోయాయి!"

ఆ గుడ్డ ఒక్క వర్షాకాలం నిలవలేదని, చిరుగుల మీద చేతులు అడ్డం పెట్టుకుని ఆడపిల్లలు బడికి వచ్చారని ఆ హాల్లో అందరికీ తెలుసు. ఎవరో ఆడమనిషి కిసుక్కున నవ్వింది. ఆయన అటూ ఇటూ చూసి కూర్చున్నారు. కరస్పాండెంటు గారు మైకు పట్టుకునే ఉన్నారు, ఎందుకు నవ్వారో ఆయనకు ఇంకా తెలియలేదు.

భోజనాలయ్యాక తమ్ముడు గారిని షెడ్డుకు తీసుకెళ్ళి, బోనెట్ ఎత్తి కుళాయి చూపించాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నేను తిప్పిన సంగతి కూడా చెప్పాను, గర్వంగానే.

"మా అక్క ఇలా చేసిందంటే నమ్మలేకపోతున్నానమ్మా. ప్రార్థన తప్పిన రోజు లేదు ఆవిడకి."

"ప్రార్థన చేసుకునే తిప్పించేవారండి."

ఆయనకు నవ్వొచ్చింది, ఆపుకున్నారు. "ఆయన పెద్దమనిషి. నీ ఒక్కదాని మాట పట్టుకుని కాదనలేను. ఈ కారులో ఎక్కినవాళ్ళు ఇంకా చెబితే వింటాను. అక్క ఎవరిని మెచ్చిందో, ఎవరిని మెచ్చలేదో తెలిస్తే చాలు. వచ్చే నెల మొదట్లో తేల్చేస్తాను."

"అందరి చేతా రాయిస్తానండి," అన్నాను.

అంచేత అడుగుతున్నాను. కరస్పాండెంటు గారు అప్పుడే ఏసీ మెకానిక్కును తెచ్చి సీట్ల వెనక జాగా కొలిపించారు. హీటరు పీకితే ఆ కుళాయి పాత ఇనుములోకి పోతుంది, ఆయన తన ఇద్దరు మేనకోడళ్ళ పెళ్ళిళ్ళలో చల్లగా ఊరేగుతారు. మా వర్క్‌షాపులో ఆటోమొబైల్ తీసుకున్న ఆడపిల్లలున్నారు. వాళ్ళలో పగిలిన చేతులవాళ్ళు కూడా ఉన్నారు. ఆ చేతులే ఆ ఇంజనును విప్పాలి. నాకు న్యాయం చాలదు, కరస్పాండెంటు గారు షెడ్డు బయట నిలబడి అది చూడాలి కూడా.

మేడమ్ గారి పక్కన ఎడమ సీటులో ఎప్పుడైనా కూర్చున్నవారు ఒక్క ముక్క రాయండి. మీ పాదాలు చల్లగా ఉన్నాయా, కాలాయా? అంతే చాలు. చల్లగా ఉన్నవారు పేరు పెట్టి రాయండి. కాలినవారు పేరు లేకుండా అయినా రాయండి. ఎందుకు కాలాయో మీకు ఈపాటికి గుర్తొచ్చే ఉంటుంది. ఇది చదువుతూ కుర్చీ కింద కాళ్ళు వెనక్కి లాక్కుంటున్నవారు కూడా రాయవచ్చు. ఈ పత్రిక చిరునామాకే, ఈ నెల ఇరవై ఐదో తేదీ లోపల అందేలా.