క్లచ్ లేని బండి

ఎడమ మోకాలి చిప్ప అరిగిపోయిందని డాక్టరు చెప్పినప్పుడు నేను ఒక్కటే అడిగాను, "క్లచ్ తొక్కొచ్చా సార్?" అని. ఆయన ఎక్స్‌రే మీంచి తలెత్తకుండానే, "రోజుకు ఎన్నిసార్లు తొక్కుతరు?" అన్నాడు. ఎవరు లెక్కపెట్టారు? ఇరవై ఎనిమిదేళ్లుగా తొక్కుతూనే ఉన్నాను. ఇక మానుకోకపోతే నడవడమే కష్టమన్నాడు.

వర్ధన్నపేట వైపు ఊళ్లకు పొద్దున్నే పోయి కూరగాయలు తెచ్చి మట్టెవాడలో మా దుకాణంలో అమ్ముతాం. సరుకు ఏరేది, బేరం చేసేది, అమ్మేది అంతా నా భార్యే. నేను పాత పికప్ నడుపుతాను. ఎవరైనా గట్టిగా అడిగితే ఊరికే ఇచ్చేస్తానని ఆమె నన్ను తక్కెడ దగ్గరికి రానివ్వదు. కాబట్టి ఆ కాలు పోతే నేనూ పోయినట్టే అనిపించింది. ఇంట్లో మాత్రం బండి గేర్‌బాక్స్ పాడవుతోందని, మార్చాలని చెప్పాను. పాపం, దానికేం రోగం లేదు.

మా మెకానిక్‌కు నిజం చెప్పక తప్పలేదు. "ఆటోమేటిక్ పెట్టిచ్చుకో అన్నా. మన ఇంజనే ఉన్న పెద్ద కారుది దొరికితే కూసుంటది. వైర్లు, కంప్యూటర్ డబ్బా అన్నీ దానియే తేవాలె" అన్నాడు. అలా రెండు నెలలు పాత బండ్లు కోసే షెడ్లన్నీ తిరిగాను. ప్రతి చోటా ఒక చాయ్, "రేపు రా" అన్న ఒక మాట. తిరగడానికి కూడా ఆ కాలే కావాలి మరి.

చివరికి ఊరి బయట ఒక షెడ్డులో దొరికింది. కొండలెక్కే పోటీల కోసమని ఎవరో లోపలి ప్లేట్లన్నీ మార్పించి గట్టిగా చేయించుకున్న గేర్‌బాక్స్ అట. ఇంకా కారులోనే ఉంది. షెడ్డు ముసలాయన ధర చెప్పే ముందు తాళం నా చేతిలో పెట్టాడు. "కొనేటోడు నడిపి సూడాలె తమ్మీ."

పది గజాలు పోయానో లేదో, నా ఎడమ కాలు క్లచ్‌ను వెతుక్కుంటూ వెళ్లి బ్రేకును కసిగా తొక్కింది. నా నుదురు స్టీరింగ్‌కు కొట్టుకుంది. మళ్లీ కదిలించాను, మళ్లీ అదే. ముసలాయన నవ్వాడు. "అందరికి గిట్లనే అయితది, ఫికర్ చేయకు" అంటూ భుజం మీది తువ్వాలు తీసి నా మడమను సీటు కింది కడ్డీకి కట్టాడు. అప్పుడు బండి మెత్తగా సాగింది. ఇన్నేళ్లు నాకు తిండి పెట్టిన కాలిని దొంగను కట్టేసినట్టు కట్టేశారు. నాకు ఏడుపొచ్చింది. అయినా బేరం కుదుర్చుకున్నాను.

బిగించడానికి మూడు వారాలు పట్టింది. మొదటి రోజు వెళ్లేటప్పుడు కాలును సీటు కిందికి ముడుచుకుని ఎలాగో నెట్టుకొచ్చాను. తిరుగు ప్రయాణంలో టమాట పెట్టెల బరువుతో, స్పీడ్‌బ్రేకర్ దగ్గర గేరు మార్చబోయాను. బండి ఉన్నచోటే కీచుమని ఆగింది. పెట్టెలన్నీ వచ్చి క్యాబిన్‌కు గుద్దుకున్నాయి. వెనక బస్సు డ్రైవర్ నా వంశాన్నంతా తలుచుకున్నాడు.

"ఏం తొక్కుతానవ్?" అంది పక్క సీట్లోంచి నా భార్య.

"క్లచ్."

ఆమె వంగి చూసింది. కింద రెండే పెడళ్లున్నాయి. "ఏదీ క్లచ్?"

ఇక దాచలేకపోయాను. మోకాలి సంగతి చెప్పాను. "నీ కాలు పోతే బండిది పోయిందంటవా? నేను మనిషిని గానా, నాకు చెప్పొద్దా?" అని దుకాణం చేరేదాకా తిట్టింది. ఆ తిట్లు నాకు రావలసినవే.

తర్వాత కాలు కట్టుకునీ నడిపాను. కట్టిన మోకాలు పది కిలోమీటర్లకే సలపడం మొదలుపెట్టేది. విప్పితే కాలు బ్రేకు మీదికి పోయేది. ఒక ఆదివారం ఖాళీ మైదానంలో నేను తంటాలు పడుతుంటే ఆమె తలుపు తీసి, "జరుగు" అంది. "నా స్కూటీకి ఏడున్నయ్ గేర్లు? గిది గూడ గంతే గదా."

నాలుగు పొద్దుల్లో నేర్చుకుంది. మరచిపోవడానికి ఆమెకు పాత అలవాటేదీ లేదు. నేను పక్క నుంచి అరుస్తూనే ఉన్నాను. "నువ్వు జర నోరు మూస్కో, నాకు తెలుస్తాంది" అనేది. లైసెన్సు వచ్చేదాకా తమ్ముడి వరసైన డ్రైవర్‌ను పెట్టుకున్నాం.

ఆమె మొదటిసారి రోడ్డెక్కిన పొద్దున నాకు కోపంగా ఉంది. వెతికింది నేను, తెచ్చింది నేను, సీటు మాత్రం ఆమెది. ఎక్కడో ఒక చోట తప్పు చేస్తుంది, అప్పుడు చెప్తాను అని ఎడమ సీట్లో కాలు చాపుకుని, తలుపు పట్టుకుని కాచుకుని కూర్చున్నాను.

కళ్లు తెరిచేసరికి మట్టెవాడలో మా దుకాణం ముందున్నాం. వెనక బెండకాయ, వంకాయ, టమాట అన్నీ ఎక్కి ఉన్నాయి.

"లేపకపోతివి?" అన్నాను.

"రెండు సార్లు లేపిన. లేస్తేనా నువ్వు?" అంటూ దిగి షట్టర్ ఎత్తింది.

నేను లేకుండానే పని మొత్తం అయిపోయింది. ఇన్నాళ్లూ నేను భయపడింది దీనికే. బాధపడదామని చూశాను కానీ బాధ రాలేదు. రేపు కూడా ఈ సీట్లోనే కూర్చోవాలనిపించింది.