నీలి చార పిల్ల

ఆవిడను అందరూ బల్లులక్క అంటారు. పెళ్లికి ముందే పరిశోధనశాలలో బల్లుల గదికి పనికి కుదిరింది, ఇప్పుడు కూతురు కాలేజీకి వెళ్తోంది. అద్దాల తొట్లు కడగడం, పురుగులు వేయడం, గుడ్లు తీసి వెచ్చటి పెట్టెలో పెట్టడం ఆవిడ పని. కిటికీ పక్క తొట్టిలోవన్నీ ఆడవే. ఆ జాతిలో మగ అన్నదే లేదు. తల్లి తనంతట తానే గుడ్లు పెడుతుంది, పుట్టిన కూతురు అచ్చుగుద్దినట్టు తల్లే. మొగుడి పోరు లేని కాపురాలని బల్లులక్క వేళాకోళం.

ఆ ధీమాయే కొంప ముంచింది. పక్క తొట్టిలో వేరే జాతి మగబల్లి ఉంది. దాని దీపం మాడిపోయిన సాయంత్రం, చలికి చస్తుందేమోనని, తెల్లారేదాకా దాన్ని ఈ ఆడవాళ్ల మధ్య వదిలింది. మగ అక్కర్లేని వాళ్ల దగ్గర మగవాడేం ఊడబొడుస్తాడులే అనుకుంది. ఎవరికీ చెప్పనూ లేదు.

ఇప్పుడు గుడ్లన్నీ పిగిలి పిల్లలొచ్చాయి. పిల్లలన్నీ తల్లుల పోలికే, ఒక్కటి తప్ప. దాని గొంతు కింద ఆ మగదాని నీలి చార ఉంది. బల్లులక్క గేటు దగ్గరి కాపలాదారుకు జరిగిందంతా చెప్పింది. అతను గుట్టుచప్పుడు కాకుండా పారేయమన్నాడు, చూసిందెవరన్నాడు. పారేయొచ్చు. కానీ ఆ తల్లి కడుపులో మగ విత్తనం ఇంకా నిలవుంటే? జాతి కలిసిపోతే, వీటి మీద పరిశోధన చేసే పెద్ద మేడమ్ ఏళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరే. వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేసింది.

మేడమ్ తిట్టినా బాగుండేది, తిట్టలేదు. ఆ తల్లిని కోసి చూడాలంది. అదేదో తెలియకపోతే తొట్టిలో అన్నిటినీ కోయాల్సిందేనంది.

"ఏ తల్లి గుడ్డో తెలుసా?"

తెలియకేం! పుట్టినప్పుడు కాలు మెలిపడి గుడ్డులో ఇరుక్కుపోతే గోటితో విడిపించి, పురుగులు నలిపి నోట్లో పెట్టి, కడుపున పుట్టినదాని కంటే ఎక్కువగా సాకిన కుంటమ్మే. కాలు కూడా ఎప్పుడో సర్దుకుంది. ఇప్పుడు దాన్ని గుర్తుపట్టగలిగేది లోకంలో తానొక్కతే. పక్కదాన్ని చూపిస్తే అడిగే దిక్కు లేదు. వేలు అటు పోయింది కూడా. అదేం పాపం చేసిందని ఆగిపోయింది. కుంటమ్మను చూపించింది.

మేడమ్ తొట్టి మూత మీద చెయ్యి వేసింది.

"మీరొద్దమ్మా," అంది బల్లులక్క. "నేనే పట్టుకుంటాను. నా చేతిలోనైతే బెదరదు."