షెహనాజ్ చేతుల గోరింటాకు

నాది కాని ఒక పొగడ్తను మొన్నటిదాకా మోస్తూ వచ్చాను. తిట్టయితే ఎప్పుడో మరిచిపోయేదాన్ని. పాత స్నేహితులు నలుగురు భోజనానికి కూర్చుని ఆ మాట ఎత్తితే చాలు, నాకు ముద్ద దిగేది కాదు. మీరెవరో నాకు తెలియదు. అయినా ఇప్పుడు మీకూ చెప్పగలుగుతున్నాను.

అమీర్‌పేటలో ఏ గోడ చూసినా జావా కోచింగ్ బోర్డులే ఉన్న రోజులు. వాటి మధ్య మూడంతస్తుల మేడ మా బడి. రెండు జడలు మడిచి నల్ల రిబ్బన్లు కట్టాలి. గాజులు వద్దు, గోరింటాకు అసలే వద్దు. పదో తరగతి లీడరుని కాబట్టి పొద్దున ప్రార్థన వేళ అమ్మాయిల చేతులు చూసే పని నాది.

ఆషాఢంలో అమ్మమ్మ ముచ్చటపడి నాకు గోరింటాకు పెట్టింది. ప్రిన్సిపాల్ మేడమ్ అందరి ముందూ చీవాట్లు పెట్టింది. ఇంటికెళ్లి నిమ్మచెక్కతో చర్మం మండేదాకా రుద్దుకున్నాను.

ఆ ఏడే రంజాన్ పండగ మర్నాడు, నా పక్కన కూర్చునే షెహనాజ్ ఎర్రగా పండిన చేతులతో వచ్చింది. నా ముందు అరచేతులు చాపి కన్ను కొట్టింది. నవ్వి వదిలేశాను. తర్వాత మేడమ్ గదికి వెళ్లి చెప్పేశాను.

ఎందుకు చెప్పాను? రూలు రూలే కదా అని సర్దిచెప్పుకున్నాను. అబద్ధం. ఆ చేతులు చాలా బాగున్నాయి, నావి మండిపోయిన చోట తనవి అలా మెరిసిపోతుంటే ఓర్చుకోలేకపోయాను, అంతే.

రంగు పోయేదాకా బడికి రావద్దని మేడమ్ షెహనాజ్‌ను పంపేసింది. ఆ వారమే ప్రీఫైనల్ పరీక్షలు. అవి రాయనివాళ్లకు పబ్లిక్ పరీక్షల హాల్ టికెట్ ఇచ్చేది లేదని ముందే బెదిరించి ఉన్నారు. గేటు దాకా తన వెంట వెళ్లాను.

"ఎవరు చెప్పిన్రో ఏమో! నువ్వైతే చెప్పవ్, నాకెరుకే" అంది.

"ఛ, నేనెందుకు చెబుతానే?" అన్నాను.

ఎంత సులువుగా వచ్చేసిందో ఆ మాట! నిజం ఒప్పుకునే ధైర్యం లేదు గానీ, ఇంకేం చేయమన్నా చేసే ధైర్యం బోలెడంత పుట్టుకొచ్చింది. సాయంత్రం పంజాగుట్టలో మెహందీ కోన్లు కొని, క్లాసు అమ్మాయిలందరినీ మా ఇంట్లో కూర్చోబెట్టాను. అబ్బాయిలు కూడా వచ్చి అరచేతుల్లో చుక్కలు పెట్టించుకున్నారు.

మర్నాడు ప్రార్థనలో "చేతులు చాపండి" అని నేనే అరిచాను. క్లాసు క్లాసంతా ఎర్రటి చేతులు చాపింది. అందరినీ ఇంటికి పంపితే బడికి ర్యాంకులు ఎవరు తెస్తారు? మధ్యాహ్నానికల్లా షెహనాజ్ ఇంటికి ఫోను వెళ్లింది. తను గేటులో అడుగు పెట్టగానే మేం వేసిన కేకలకు ఎదురుగా కోచింగ్ సెంటర్లోంచి జనం కిటికీల దగ్గరికొచ్చారు. ఆ ఏడాదే కాదు, ఆ తర్వాత కూడా ఆ బడిలో చేతులు చూడలేదు. నన్ను ఎత్తుకుని తిప్పారు. ఆ సంతోషం దొంగది కాదు, నిజంగానే గెలిచాం. కానీ ఆ గెలుపు నా చాడీతో మొదలైందని పిల్లల్లో నాకొక్కదానికే తెలుసు.

మొన్న పంజాగుట్టలో ఒక హోటల్లో పాత విద్యార్థులం కలిశాం. షెహనాజే మైకు పట్టుకుని ఈ కథ చెప్పింది. "నా కోసం నిలబడ్డది గిదే" అని నన్ను పైకి పిలిచింది. చప్పట్లు. మైకు నా చేతికొచ్చింది. ఎన్నిసార్లు ఇలాగే నవ్వి ఊరుకోలేదూ? ఈసారి నవ్వలేదు. మేడమ్‌కు చెప్పింది నేనే అన్నాను. ఓర్వలేక చెప్పానన్నాను.

షెహనాజ్ నా వైపు చూడకుండా దిగిపోయింది. తన పక్కనే నా కుర్చీ. నేను వెళ్లేలోపు హ్యాండ్‌బ్యాగు తీసి ఆ కుర్చీలో పెట్టింది.

వెనక వరసలో వెళ్లి కూర్చున్నాను. క్షమించమని అడగలేదు, తను క్షమించనూ లేదు. అయినా గుండె నిండా ఏదో పండగ! ఎవరూ చప్పట్లు కొట్టని ఈ గెలుపు మాత్రం పూర్తిగా నాది. బిర్యానీ వచ్చింది. రెండోసారి కూడా వడ్డించుకుని తిన్నాను.