మేడ మీద వడియాలు

నా చిన్నప్పుడు వన్‌టౌన్‌లో ఓ పెద్ద మేడ ఉండేది. హార్బరు వైపు ముఖం, లావుపాటి స్తంభాలు, పైన ఎప్పుడూ మూసి ఉండే ఆకుపచ్చ కిటికీలు. ఆ చుట్టుపక్కల ఎవరికి దారి చెప్పాలన్నా ముందు ఆ మేడే చెప్పేవారు. ఆ ఇంటి అబ్బాయితో మా పిన్నికి సంబంధం వచ్చింది. అబ్బాయికి స్టీల్‌ప్లాంటులో ఉద్యోగం. ఇంట్లో అందరూ సంతోషించారు, మా అమ్మమ్మ తప్ప. ఆవిడకు సంతోషం కొంచెం ఆలస్యంగా వచ్చేది.

పెళ్ళిమాటలకు నన్నూ తీసుకెళ్ళారు. అబ్బాయి తాతగారు వంశచరిత్ర చెప్పారు. వాళ్ళ ముత్తాతల ఓడలు రంగూన్ వెళ్ళేవట. మేం కాఫీ అందుకున్నప్పుడు రెండు ఓడలు, గ్లాసులు కింద పెట్టేసరికి నాలుగు. కొత్తజంటకు మేడగదే ఇస్తామన్నారు. చూపించమంటే మాత్రం, కోడలు కుడికాలు పెట్టేదాకా బయటివాళ్ళు ఆ మెట్లు ఎక్కకూడదు, అది మా వంశాచారం అన్నారు.

అమ్మమ్మ తలూపింది. బయటికొచ్చాక వీధిలో నిలబడి పైకి చూసింది. మూసిన కిటికీల వెనక నుంచి పావురాలు గుంపుగా ఆకాశంలోకి లేచాయి. పిన్ని కాపురం పెట్టాల్సిన గదిలో ముందే ఎవరో కాపురమున్నారని ఆవిడకు అనుమానం పుట్టింది.

మరుసటి ఆదివారం అమ్మనూ నన్నూ వెంటబెట్టుకుని, వడియాల పిండి గిన్నెతో వాళ్ళింటికి వెళ్ళి సోఫాలో కూర్చుంది.

“మాకూ ఓ ఆచారముంది బాబూ,” అంది తాతగారితో. “కాయం సేసుకునే ముందు పెళ్ళికొడుకు మేడ మీద పిల్ల తరపోలు గుప్పెడు వడియాలెట్టాల.”

మా అమ్మకు దగ్గొచ్చింది. ఆ ఆచారం గురించి ఆవిడ వినడం అదే మొదలు. ఆచారాన్ని అడ్డుపెట్టుకున్న మనిషి ఇంకొకరి ఆచారాన్ని కాదనడం కష్టం. తాతగారు కాసేపాలోచించి, మబ్బుగా ఉందన్నారు. అది మే నెల.

అప్పుడు అబ్బాయి లేచి, మేకుకున్న తాళంచెవి తీశాడు.

“రండి అమ్మమ్మా. ముందే సెప్తన్నాను, పైన కప్పు లేదు. తుఫానుకి పడిపోయింది. ఆ రోజే సెప్పాల్సింది.”

పైన నాలుగు గోడలు, వాటి మధ్య ఆకాశం. వీధివైపు కిటికీలకు మాత్రం కొత్త రంగు. అమ్మమ్మ గుడ్డ పరిచి, పిండి అంతా అయ్యేదాకా తాపీగా వడియాలు పెట్టింది. కిందికి దిగేసరికి తాతగారు నేల చూస్తున్నారు.

“మీ మేడకి ఎండ బాగా తగుల్తంది బాబూ,” అని మాత్రం అంది.

ఇంటికొచ్చాక సంబంధం వద్దని అందరూ పట్టుబట్టారు. “అబద్దమాడింది ఇల్లు. పిల్లోడు ఆడనేదు,” అని అమ్మమ్మ ఖాయం చేసింది. కాపురం మాత్రం ప్లాంటు క్వార్టర్లో పెట్టించింది, ముందుగా వెళ్ళి కప్పు చూసుకుని.

ఇప్పుడు మా వాళ్ళలో వడియాలు పెట్టకుండా ఏ సంబంధమూ ఖాయం కాదు. మొన్న మధురవాడలో ఓ అపార్ట్‌మెంటుకు మేనకోడలి సంబంధానికి వెళితే, ఇది తరతరాలుగా వస్తున్న ఆచారమని మా తమ్ముడు వాళ్ళకు వివరిస్తున్నాడు. ఆ ఆచారం నాకంటే చిన్నది. పిండి గిన్నె ఒళ్ళో పెట్టుకుని, టెర్రస్ తాళం కోసం ముందుగా ఎవరు లేస్తారా అని చూస్తూ కూర్చున్నాను.